పదకొండు మందికి చెప్పాను

మా ఇంట్లో నమాజు అరబ్బీలో, మిగతాదంతా తెలుగులో. బాపట్ల పక్క మనుషులం. పోట్లాడుకోవాలన్నా, పిల్లల్ని జోకొట్టాలన్నా, దువా చివర సొంతంగా ఒక కోరిక కోరుకోవాలన్నా మాకు తెలుగే. ఉద్యోగం బదిలీ మీద మలక్‌పేట ఆఫీసుకి వచ్చి, జహనుమాలో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు నా ఉర్దూ విని వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వించినవాళ్లకి స్నేహాలు తొందరగా కుదురుతాయి. నెల తిరక్కుండానే అందరికీ ఆపాని, అంటే అక్కని, అయిపోయాను.

ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. నా నోట్లో మాట నిలవదు. మా ఆయన ఏదైనా దాచాలనుకుంటే నాకు చెప్పడు, ఊరందరికీ తెలియాలనుకుంటే నాకొక్కదానికే చెబుతాడు.

మా ఇంటి యజమానురాలు కింది వాటాలో ఉండేది. డెబ్బై దాటిన మనిషి. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను ఖాలా అనేవారు, అంటే పిన్ని అని. పుట్టిల్లు మహబూబ్‌నగర్ వైపు కావడంతో తెలుగు గడగడా మాట్లాడేది. శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్లను కూర్చోబెట్టి ఖురాన్‌లో ఒకటి రెండు వాక్యాలకు అర్థం చెప్పేది. ఉర్దూలో చెప్పి, నా మొహం వైపు చూసి, మళ్లీ తెలుగులో చెప్పేది. నా ఒక్కదాని కోసం పాఠం రెండింతలయ్యేది. సెలవు దొరికిన శుక్రవారాల్లో మాత్రమే వెళ్లేదాన్ని కాబట్టి మిగతావాళ్లు ఓర్చుకున్నారనుకుంటాను.

ఎదురింటి మేడ మీద ఒకమ్మాయి మగ్గం పని నేర్పేది. అమ్మాయంటున్నాను గానీ ముప్పై దాటాయి. తండ్రి పోయాక తనూ, తల్లీ ఆ సంపాదన మీదే బతికేవారు. పెళ్లి కావలసి ఉంది. గది నిండా చెక్క చట్రాలు, వాటికి బిగించి కట్టిన బట్ట, చుట్టూ పన్నెండు మంది ఆడపిల్లలు, సూదులు, పూసలు, జరీ. మా వంటింటి కిటికీలోంచి వాళ్ల మెట్లు కనబడతాయి. ఆ కిటికీయే నా కొంప ముంచింది.

అది రంజాన్ రెండో వారం. నేను సెలవులో ఉన్నాను. మిట్టమధ్యాహ్నం ఆ అమ్మాయి మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ పట్టుకుని మెట్లు దిగింది. ఆటో ఎక్కింది. గంటన్నర తర్వాత తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. మూడో రోజు నేను పని మానుకుని కిటికీ దగ్గర కాపు కాశాను. సరిగ్గా అదే వేళకి మళ్లీ దిగింది. రోజా, అంటే ఉపవాసం, ఉండే నెలలో, పచ్చి మంచినీళ్లైనా ముట్టని వేళలో, టిఫిన్ క్యారియరా? ఎక్కడికో పోయి తిని వస్తోందని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

ఆ సమయంలో నేనేం చేస్తున్నానో కూడా చెప్పాలి. వంటింటి తలుపు గడియ పెట్టుకుని, నిలబడి ఉప్మా తింటున్నాను. ఆడవాళ్లకు నెలలో కొన్ని రోజులు రోజా ఉండదు. ఆ విషయం ఎవరికీ చెప్పుకోం, ఎవరూ అడగరు, చాటుగా నాలుగు ముద్దలు తినేస్తాం. జబ్బు మనిషికి లేదు, ప్రయాణంలో ఉన్నవాళ్లకి లేదు, బాలింతకి లేదు. ఇవన్నీ నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు. తెలిసి కూడా, చేతిలో ఉప్మా గిన్నెతో, ఎదురింటి పిల్ల రోజా ఉండటం లేదని నిశ్చయించుకున్న మహాతల్లిని నేను.

ఇక చెప్పడం మొదలుపెట్టాను. పాలు పోసే ఆమెకు చెప్పాను. రవికలు కుట్టే దర్జీ భార్యకు చెప్పాను. సెలవయ్యాక షేర్ ఆటోలో రోజూ నాతో వచ్చే ముగ్గురికి చెప్పాను. ప్రతిచోటా, "నాకెందుకులెండి గానీ" అని మొదలుపెట్టాను.

ఆదివారం ఖాలా ఉస్మాన్‌గంజ్ నుంచి ఏడాదికి సరిపడా మిరపకాయలు తెప్పించి డాబా మీద పోయించింది. వీధిలో ఆడవాళ్లం అయిదారుగురం ముక్కులకు చున్నీలు చుట్టుకుని తొడిమలు తీయడానికి కూర్చున్నాం. గుంటూరు మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన దాన్ని కాబట్టి ఆ పనిలో నాదే పెత్తనం. చేయి ఆడుతుంటే నోరు ఊరుకుంటుందా? టిఫిన్ క్యారియర్ కథ ఎత్తుకున్నాను. ఒకామె తుమ్మింది, ఇంకొకామె "తౌబా తౌబా" అంటూనే దగ్గరికి జరిగింది. కథ మంచి రంజుగా సాగుతోంది.

ఖాలా తల ఎత్తకుండానే, "ఇయ్యాల రోజా ఉన్నవా బేటీ?" అంది.

"ఉన్నాను ఖాలా."

"మరి గా మాంసం ఎందుకు తింటున్నవ్?"

నాకు అర్థం కాలేదు. మూతి తుడుచుకున్నాను కూడా. మిగతావాళ్లకి మాత్రం వెంటనే తెలిసినట్టుంది, అందరూ ఒక్కసారే మిరపకాయల మీదికి వంగారు. అప్పుడు ఖాలా నిదానంగా చెప్పింది. అనవసరంగా అనుమానపడొద్దని, ఒకరి గుట్టు వెతకొద్దని, మనిషి లేనప్పుడు వెనకాల మాట్లాడుకోవద్దని ఖురాన్‌లో ఉందట. అలా మాట్లాడటం చచ్చిపోయిన సొంత తోబుట్టువు మాంసం తినడం లాంటిదట.

"కానీ ఖాలా, నేను అబద్ధం చెప్పలేదు. కళ్లారా చూశాను."

"నిజమైతేనే దాన్ని గీబత్ అంటరు. అబద్ధమైతే దాని పేరే వేరే, అది ఇంకా పెద్ద గునా, పెద్ద పాపం. నువ్వు చూసింది క్యారియర్. తినుడు చూసినవా?"

చూడలేదు. అయినా నాకు కోపమొచ్చింది. నలుగురిలో చిన్నబుచ్చిందని రెండు రోజులు కిందికి దిగలేదు. ఆ రెండు రోజుల్లోనే ఆఫీసులో ఇంకొకరికి చెప్పాను. పంతం మీదున్న మనిషికి బుద్ధి పనిచేయదు.

పండగ అయింది. అందరం అందరి ఇళ్లకూ వెళ్లి షీర్ ఖుర్మా తాగాం, ఆ అమ్మాయి ఇంట్లో కూడా. పది రోజుల తర్వాత కిటికీలోంచి చూస్తే మెట్ల మీద చెప్పులు తగ్గినట్టు అనిపించింది. పన్నెండు జతలుండాల్సిన చోట ఏడే ఉన్నాయి. ఆ వారం షేర్ ఆటోలో కొత్తగా ఎక్కిన ఒకామె, నేనెవరో తెలియక, మా వీధి కథ నాకే చెప్పింది. ఎదురింటి మగ్గం పిల్ల రంజాన్‌లో పగలే తిన్నదట, ఎవరితోనో తిరుగుతోందట, వాడికి నీలం రంగు స్కూటర్ ఉందట, అందుకే తల్లులు ఆడపిల్లల్ని మాన్పిస్తున్నారట. నేను పంపింది ఒక్క టిఫిన్ క్యారియర్. అది తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి స్కూటరూ, స్కూటర్ మీద మగమనిషీ చేరారు.

ఆఫీసుకి వెళ్లకుండా సగం దారిలో దిగి వెనక్కి వచ్చి, ఖాలా ముందు కూర్చుని ఏడ్చాను. పెళ్లి కావలసిన పిల్ల పేరు పాడుచేశాను, తల్లీబిడ్డల కూడు చెడగొట్టాను, ఇప్పుడే పోయి కాళ్లు పట్టుకుంటానన్నాను.

"ఆగు. ఆమెకు తెలుసా, అన్నది నువ్వని?"

"తెలీదు."

"తెలిస్తే ఆమె మనసుకి ఇంకో దెబ్బ. నీ గుండె బరువు దించుకునేటందుకు ఆమె నెత్తిన పెడ్తవా? మన పెద్దపెద్ద ఆలింలు, మతం చదివిన పండితులు, ఒక ఉపాయం చెప్పిన్రు. యాడయాడ చెడు మాట్లాడినవో గాడికే పో. గా మనుషులకే ఆమె గురించి మంచి చెప్పు. అల్లాకు తౌబా చేసుకో, మన్నించమని అడుగు. ఎప్పటికన్న ఆమె చెవిన పడే రోజొస్తే, అప్పుడు నువ్వే పోయి చెప్పు."

"మంచి అంటే ఏం చెప్పను?"

"నిజం చెప్పు. లేని గొప్పలు జెప్తే అదొక అబద్ధం. ఉన్న మంచి వెతుక్కో."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే పదకొండు మంది తేలారు. అనుకున్నదానికంటే తక్కువే. మిగతా ఊరికి వాళ్లు చెప్పుకున్నారు.

కష్టమల్లా ఆ అమ్మాయి గురించి నాకు టిఫిన్ క్యారియర్ తప్ప మరేమీ తెలియకపోవడం. రెండేళ్లు ఎదురెదురుగా ఉండి ఒక్క మంచి మాటకు సరిపడా కూడా తెలుసుకోలేదు. దాంతో ఒక చున్నీకి పూలు వేయించాలని చెప్పి, ఆదివారాలు వాళ్ల మేడెక్కడం మొదలుపెట్టాను. ఖాలాకు చెబితే, "గుట్టు వెతకనీకి కాదు గదా?" అంది. "కాదు, మంచి వెతకడానికి" అన్నాను.

వెతకనక్కర్లేకపోయింది. మొదటి ఆదివారమే ఒక చిన్నపిల్ల కుట్టు తప్పి, గులాబీ రేకు మీద వంకర గీత వేసింది. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. ఈ అమ్మాయి దారం తెంపలేదు. ఆ వంకర గీత పక్కన ఆకుపచ్చ జరీతో ఇంకో గీత వేసి, "ఇది ఆకు. గులాబీకి ఆకులుండవా ఏంది?" అంది. ఆ రోజు ఆ పువ్వుకి మూడు ఆకులొచ్చాయి, మూడూ తప్పులే. కంటిచూపు మందంగా ఉన్న ఒక పిల్లకి తప్ప కిటికీ పక్క చోటు ఎవరికీ ఇవ్వదు. పిల్లలు అల్లరి చేస్తే మాత్రం, "గాడిదల్లార, జర నోరు మూస్తరా!" అని మేడ అదిరేలా అరుస్తుంది. నాకు ఆ అరుపే ఎక్కువ నచ్చింది. అక్కడ కూర్చున్న గంటలో నేను నవ్వినంత ఆ వారంలో ఎక్కడా నవ్వలేదు. నా చున్నీ మీద కూడా ఆకులు కాస్త ఎక్కువే పడ్డాయి.

ఇక బయలుదేరాను. చెడు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. మంచి చెప్పబోతే ఒక్కరూ వినరు! పాలామె, "గట్లనా" అని క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది. దర్జీ భార్య నన్ను ఎగాదిగా చూసి, "ఏంది ఆపా, చున్నీకి డబ్బుల్ తీస్కోలేదా ఆమె?" అంది. షేర్ ఆటోలో ఒకామె మరీ ముందుకు పోయి, "మీ తమ్మునికి చూస్తున్నరా?" అని అడిగింది. నాకు తమ్ముడే లేడన్నా నమ్మలేదు. మంచిమాట మీద కూడా ఇంత అనుమానమా అని ఒళ్లు మండింది. మండాక, నాకా హక్కు లేదని గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అయినా వదల్లేదు. రేకు తప్పితే ఆకు చేసిన కథ ఎత్తుకున్నాను. అది బాగా నడిచింది. ఆడవాళ్లకి అది నచ్చింది, ఎందుకంటే అందరికీ చిన్నప్పుడు తప్పు కుట్టి తిట్లు తిన్న జ్ఞాపకమొకటుంది. నెల తిరిగేసరికి మెట్ల మీద చెప్పులు తొమ్మిది జతలయ్యాయి. నేను కిటికీలోంచే కేరింతలు కొట్టినంత పనిచేశాను.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి మా తలుపు తట్టారు. నడివయసు దాటిన అక్కచెల్లెళ్లిద్దరు, మలక్‌పేట నుంచి వచ్చారు. అక్కగారి కొడుక్కి ఎదురింటి అమ్మాయిని అనుకుంటున్నారట. ఇక్కడ సంబంధం ఖాయం చేసుకునే ముందు చుట్టుపక్కల ఇళ్లలో అడిగి తెలుసుకోవడం రివాజు. అడిగినప్పుడు ఉన్నది దాచకూడదని, లేనిది కల్పించకూడదని ఖాలా చెప్పి ఉంది. చాయ్ ఇచ్చి కూర్చోబెట్టాను. వాళ్లు ఉర్దూలో అడిగారు, నేను నా ఉర్దూలో, అది అయిపోయినప్పుడల్లా తెలుగులో చెప్పాను. చేతిపని, నేర్పే పద్ధతి, తల్లిని చూసుకునే తీరు, అరుపు, అన్నీ చెప్పాను. వాళ్ల మొహాలు విప్పారుతున్నాయి.

చెల్లెలు కప్పు కింద పెట్టి, గొంతు తగ్గించి, "ఒక మాట విన్నాం. రంజాన్‌లో పగలు తిన్నదని, ఎవరితోనో స్కూటర్ మీద..." అంది.

ఖాలా చెప్పినదాన్ని బట్టి మంచి మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పుకారు గురించి వాళ్లు ఇంకో ఇంట్లో, ఇంకో ఇంట్లో అడుగుతారు. ఎవరూ కాదనలేరు, ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి. కాదనగలిగిన మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే. నలుగురి ముందు మంచిదాన్ననిపించుకోవడం నాకెంత ఇష్టమో ఆ క్షణంలో తెలిసింది.

"ఆ మాట మొదట అన్నది నేనే" అన్నాను.

ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"నేను చూసింది టిఫిన్ క్యారియర్, ఆటో. తినడం చూడలేదు. మగమనిషిని చూడలేదు. స్కూటరైతే నేను చెప్పను కూడా లేదు. మిగిలిందంతా నా నోటి దురద."

"మరి ఆ టిఫిన్ ఎవరికి?" అంది చెల్లెలు.

"తెలియదు. అడగలేదు. అడగను కూడా."

అక్కగారు నవ్వడం మొదలుపెట్టింది. ఎంతో మందికి సంబంధాలు చూడ్డానికి తిరిగాను, ఎవరో అన్నారట అనేవాళ్లే ప్రతి ఇంట్లోనూ దొరికారు, అన్నది నేనేనన్న మనిషిని ఇవాళే చూశాను అంది. చెల్లెలి వైపు తిరిగి, ఇక ఆ టిఫిన్ సంగతి మనమూ అడగొద్దు అని, ఇంకో కప్పు చాయ్ అడిగింది.

వాళ్లు ఎదురింటికి వెళ్లి, మాట ఖాయం చేసుకుని వెళ్లిపోయారు. అన్నది నేనేనని వాళ్లకి తెలిశాక ఆ అమ్మాయికి తెలియకుండా ఉండదు. ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పాలని మేడెక్కాను. పిల్లలు వెళ్లిపోయారు. ఆమె ఒక్కతే మగ్గం ముందు కూర్చుని, సంతోషం పట్టలేక కాబోలు, సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. దారం నేను ఎక్కించి ఇచ్చి, జరిగిందంతా చెప్పేశాను.

ఆమె మొహంలో రంగు మారింది. నాలుగు కుట్లు వేసింది. నాకు ఆ నాలుగు కుట్లూ నాలుగు గంటలనిపించాయి.

"మీరా ఆపా?" అంది చివరికి. "అయిదుగురు పిల్లలు మానేసిన్రు. అమ్మకి తెల్వకుండా బాత్రూంలో ఏడ్సిన. గది మీరా?"

"నేనే."

"నేను... నేను మూలింటి అమ్మ అనుకున్న."

మూలింటి అమ్మ అంటే వీధి చివర గుడి అయ్యగారి భార్య. మూడు తరాలుగా ఆ గుడి సేవలో ఉన్న కుటుంబం. పొద్దున్నే గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్లందర్నీ గద్దించి పలకరిస్తుంది. వీధిలో ఏ లొల్లి జరిగినా అందరం ముందు ఆవిడనే అనుకుంటాం.

"రెండు నెలల సంది ఆమె పలకరిస్తే మొఖం తిప్పుకొని పోతున్న," అంది ఆ అమ్మాయి. "మనసుల మస్తు తిట్టిన. తనేం పాపం జేసిందో కూడా తెల్వదు ఆమెకు."

అప్పుడు చెప్పాను. నేను పదకొండు మందికి చెప్పాను గానీ పన్నెండో మనిషి కూడా ఒకరున్నారు. తెలుగులో హాయిగా చెప్పుకోవచ్చని మూలింటి అమ్మ దగ్గరికి కూడా వెళ్లాను. నేను నోరు తెరవగానే, "నువ్వు చూసినవా?" అంది. "అంటే, టిఫిన్..." అని నసిగాను. "నాకు పొయ్యి మీద పప్పున్నది" అని లోపలికి వెళ్లిపోయింది. అంత పొగరేమిటని ఇన్నాళ్లూ ఆవిడ మీద నాకు కోపం. ఆ మాట ఆగిపోయింది ఆ ఒక్క గుమ్మంలోనే.

ఆ అమ్మాయి సూది గుచ్చి లేచింది. కళ్లు తుడుచుకుంది. "మీ మీద కోపం నేను తర్వాత పడత. చాన పడత. ముందు లేవండి, ఆమె ఇంటికి పోదాం."

"పోయి ఏం చెబుతాం? ఆవిణ్ణి అనుమానించామనా?"

"అది చెప్పొద్దు. మంచి చెప్తం."

ఇద్దరం వెళ్లాం. మూలింటి అమ్మ గుమ్మంలోనే ఉంది. మమ్మల్ని చూసి, "ఏంది, ఇద్దరు కలిసొచ్చిన్రు? ఏం లొల్లి తెచ్చిన్రు?" అని గద్దించింది. దారి పొడవునా అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఆ అమ్మాయి నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏం లేదమ్మా," అన్నాను. "ఈ వీధిలో ఒక మనిషి గురించి మీ దగ్గర చెప్పిన మాట, మీ గడప దాటి బయటికి పోదు. మీరొక్కరే అలాంటి మనిషి. అది చెప్పిపోదామని వచ్చాం."

ఆవిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఎగతాళి కాదని నమ్మకం కుదరడానికి కాస్త సమయం పట్టింది. మెల్లగా గుమ్మంలోనే కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆపైన లోపలికి తిరిగి, వీధంతా వినబడేలా కేకేసింది.

"ఏమయ్యా! జర బయటికి రా! నలబై ఏండ్ల సంది నాకు నోరెక్కువ, నోరెక్కువ అంటవ్ గద!" మా వైపు తిరిగింది. "ఇంకోసారి చెప్పుండ్రి బిడ్డా. ఆయన వినాలె."

అయ్యగారు విసనకర్ర పట్టుకుని బయటికొచ్చారు. నేను మళ్లీ చెప్పాను, ఈసారి గట్టిగా.